నానమ్మ ఏకాదశి, మనవడి ఫోను

ప్రశ్న: మాది గాజువాక. మా అబ్బాయి ఎనిమిదో తరగతి. ఫోన్లో తిండి గురించి వింత విషయాలు చూడటం, భోజనాల దగ్గర అవి చెప్పి అందరికీ అన్నం సహించకుండా చేయడం వాడి పని. అరటిపండులో రేడియేషన్ ఉందట, పండు ముట్టడం మానేశాడు. రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ గింజలున్నాయని కూర్చుని ఏరి పారేస్తున్నాడు. మొన్న ఏకాదశి నాడు మా అత్తగారు సగ్గుబియ్యం పాయసం తాగుతుంటే, ‘నానమ్మా, అది దక్షిణ అమెరికా దుంప. నీ సీతాఫలం కూడా సీతమ్మది కాదు, అదీ అక్కడిదే’ అన్నాడు. ఆవిడ గ్లాసు పక్కన పెట్టేసి లేచిపోయారు. ఆవిడది పలాస దగ్గర పల్లె, మాట పడే మనిషి కాదు. వారమైంది, వాడితో మాట లేదు. మా ఆయన నవ్వి ఊరుకుంటారు. అసలు వీటిలో నిజమెంత? ఈ గొడవ ఎలా సర్దాలి? టెన్షన్ అంతా నాదే అయిపోయింది.
– ఒక తల్లి

సమాధానం: అమ్మా, ముందు మీకు నచ్చని మాట చెప్పేస్తాను. మీవాడు చెప్పినవాటిలో ఎక్కువ నిజాలే. ప్లాస్టిక్ బియ్యం ఒక్కటే శుద్ధ అబద్ధం. కాకపోతే వాడు ప్రతి సంగతినీ సగంలో ఆపేస్తున్నాడు. అర నిమిషం వీడియోలో సగమే పడుతుంది మరి. మిగతా సగం కూడా తెలిస్తే ఆవిడ పక్కన పెట్టిన గ్లాసు మళ్లీ చేతిలోకి వస్తుంది.

గొడవ సగ్గుబియ్యం దగ్గర మొదలైంది కాబట్టి అక్కడికే వెళదాం. పేరులో బియ్యం ఉంది గానీ అది బియ్యం కాదు. కర్రపెండలం దుంపను కడిగి, చెక్కు తీసి, తురిమి, పాలు పిండుతారు. ఆ పాలు పేరుకుంటే అడుగున తెల్లటి పిండి దిగుతుంది. దాన్ని పూసలుగా చేసి, వేడి మీద ఆరబెడితే సగ్గుబియ్యం. దూరం వెళ్లక్కర్లేదు, మనకు దగ్గర్లోనే పెద్దాపురం, సామర్లకోట వైపు ఈ మిల్లులున్నాయి. కర్రపెండలం పుట్టిల్లు మాత్రం దక్షిణ అమెరికానే. పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన తీరం చేరింది. పచ్చి దుంపలో సైనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది. తురమడం, కడగడం, ఎండబెట్టడం, ఉడికించడం, వీటన్నిటితో అది పోతుంది. ఈ ముక్క మీవాడికి ఇంకా తెలిసినట్టు లేదు, తెలిస్తే ఆ రోజే చెప్పేవాడు.

పేరు కథ ఇంకా తమాషా. సగ్గు అన్నది మలయా (ఇప్పటి మలేసియా వైపు) మాట. అక్కడ సాగో అనే తాటిజాతి చెట్టు ఉంది. దాని మానులోంచి తీసే పిండితోనే మొదట్లో ఈ పూసలు చేసేవారు. తర్వాత చెట్టు పోయి దుంప వచ్చింది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. మన దేశంలో కర్రపెండలానికి పెద్దపీట వేసింది కేరళ వైపు తిరువాన్కూరు రాజు విశాఖం తిరునాళ్. 1880 నుంచి 1885 దాకా పాలించాడు. బియ్యం దొరకని రోజుల్లో జనం కడుపు నిండుతుందని ఈ పంట వేయమని ప్రోత్సహించాడు. మన విశాఖ మీద అభిమానంతో ఆ పేరు ఇక్కడ ఇరికించానని అనుకోకండి, ఆయన పేరే అది.

ఇక మీవాడు వదిలేసిన సగం. ఏకాదశి నాడు తినకూడనిది ఏమిటి? ధాన్యం. వడ్లు, గోధుమలు లాంటివి. దుంపలకు అడ్డు లేదు. సగ్గుబియ్యం దుంపే. కాబట్టి అది ఏ దేశపు దుంపైనా మీ అత్తగారి ఉపవాసానికి వచ్చిన లోటేమీ లేదు. అది బియ్యం కాదని మనవడు నిరూపించి, ఆవిడ తరఫునే సాక్ష్యం చెప్పాడు. ఈ మాట మీరు కాకుండా వాడితోనే చెప్పించండి.

మీవాడికి ఇంకో పని. తద్దినం వంటలో మిరపకాయ ఎందుకు వేయరో నానమ్మను అడగమనండి. పాత పద్ధతి పాటించే చాలా ఇళ్లలో ఆ రోజు కారానికి మిరియాలే. టమాటా, బంగాళాదుంప, క్యాబేజీ గడప దాటి రావు. కంద, చేమ, అరటికాయ ఉంటాయి. ‘పెద్దలకు అవి పెట్టకూడదు’ అంటారు తప్ప కారణం ఎవరూ చెప్పరు. కారణం సముద్రం మీద ఉంది. 1498లో వాస్కో డ గామా కాలికట్‌లో దిగేదాకా ఈ దేశంలో ఎవరూ మిరపకాయ చూడలేదు. అది అమెరికా ఖండానిది. అంతకుముందు మనకు కారం అంటే మిరియం, పిప్పలి. కొత్త కాయ వచ్చాక మిరియంలా మండుతోందని దాని పేరులోంచే మిరప అన్నారు. తద్దినం తాతముత్తాతల కోసం పెట్టేది కదా, వాళ్లు తిన్నవే వండాలన్న పట్టింపు అలా నిలిచిపోయింది. చరిత్ర పాఠంలో మీవాడు మార్కుల కోసం చదివే సంగతిని మీ అత్తగారి తరం వంటింట్లో దాచిపెట్టుకుంది.

సీతాఫలం సంగతీ అంతే. అమెరికా ఖండంలో పుట్టి ఓడలెక్కి వచ్చిందే. వచ్చిన కొత్తలో ఎవరు పెట్టారో గానీ సీతమ్మ పేరు పెట్టారు, దాని చుట్టానికి రామాఫలం అన్నారు. పెళ్లయి వచ్చిన కోడలికి ఇంటిపేరు మారినట్టే. ఇవాళ పాడేరు, అరకు రోడ్ల మీద బుట్టలు పెట్టుకుని అమ్మే గిరిజన ఆడవాళ్లను ఇది మీ పండు కాదని అనగలమా? మీ అత్తగారు కూడా అలా ఇంకో ఇంటి నుంచి వచ్చినవారే, మీరూ అంతే. ఈ ముక్క వాడికి చెప్పేటప్పుడు కొంచెం నవ్వుతూ చెప్పండి.

ఒక ఆదివారం సాయంత్రం వాణ్ణి ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లండి. కురుసుర సబ్‌మెరైన్ దాటాక వరసగా బళ్లుంటాయి. ఒక మురీ మిక్చర్ చెప్పి, కలిపేవాడి చేతుల వైపు చూడమనండి. డబ్బాలో బొరుగులు పోస్తాడు. వేయించిన వేరుశనగలు ఒక గుప్పెడు. ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి సన్నగా తరిగినవి. కారం, ఉప్పు. చెంచాతో టకటకా గిలకొట్టి, నిమ్మచెక్క పిండి, కాగితం పొట్లంలో పోస్తాడు. ఇప్పుడు అందులోంచి అమెరికా సరుకంతా తీసేయమనండి. వేరుశనగ పోయింది, టమాటా పోయింది, పచ్చిమిర్చి పోయింది, కారం పోయింది. ఉల్లిపాయ కూడా మధ్య ఆసియా వైపు నుంచి వచ్చిందే, కాకపోతే చాలా పాత చుట్టం. మిగిలింది ఉప్పేసిన బొరుగులు, ఉల్లిపాయ, నిమ్మరసం. అది తిని చూడమనండి. ఎక్కడ పుట్టిందన్నది ఒక ప్రశ్న, ఎవరి చేతిలో రుచి తేలిందన్నది ఇంకో ప్రశ్న అని వాడికే తెలుస్తుంది.

అరటిపండు దగ్గరకొద్దాం. రేడియేషన్ మాట నిజం. పండులో పొటాషియం ఉంటుంది. ప్రకృతిలోని పొటాషియంలో ప్రతి పదివేల పరమాణువుల్లో ఒకటి సుమారుగా రేడియోధార్మికమైనది. ఒక పండు తింటే వచ్చే మోతాదు 0.1 మైక్రోసీవర్ట్ (రేడియేషన్ కొలత) అని లెక్క. నేల నుంచీ, ఆకాశం నుంచీ, పీల్చే గాలి నుంచీ మనిషికి ఏడాదికి సహజంగా అందేది ప్రపంచ సగటున 2,400 మైక్రోసీవర్ట్‌లు, అంటే 2.4 మిల్లీసీవర్ట్‌లు. ఆ రెండూ సమానం కావాలంటే ఏడాదిలో 24,000 పళ్లు తినాలి. రోజుకు అరవైకి పైనే. అంతకన్నా ముందు కడుపు సంగతి చూసుకోవాలి. పైగా ఒంట్లో పొటాషియం ఎక్కువైతే మూత్రపిండాలు బయటికి తోసేస్తాయి, అది పోగుపడదు. పెద్దవాళ్ల ఒంట్లో ఎప్పుడూ 140 గ్రాముల దాకా పొటాషియం ఉంటుంది. అంటే అరటిపండు పక్కన పెట్టుకోవడానికి భయపడేవాడు నానమ్మ పక్కన పడుకోవడానికీ భయపడాలి. భీమిలి తీరం ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, అందులో రేడియోధార్మికమైన థోరియం ఉంది. అయినా మనం భీమిలి వెళ్లడం మానలేదు, బజ్జీలు తినడం మానలేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు డాక్టర్లు అరటిపండు తగ్గించమంటారు. దానికి కారణం పొటాషియమే, రేడియేషన్ కాదు.

ప్లాస్టిక్ బియ్యం గురించి చాలా ఇళ్ల నుంచి అడుగుతున్నారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మీవాడు ఏరుతున్న గింజలు నిజంగానే మిగతావాటిలా ఉండవు. రంగు కాస్త వేరు, నునుపు వేరు, కడిగేటప్పుడు కొన్ని పైకి తేలతాయి. అవి పోషకాలు చేర్చిన గింజలు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ ఆసిడ్, బి12 విటమిన్ కలిపి, మెషిన్లో బియ్యం ఆకారానికి వత్తుతారు. వంద కిలోల బియ్యానికి ఒక కిలో చొప్పున కలిపారు. ప్రభుత్వ పథకాల బియ్యంలో వీటిని కలుపుతామని 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించారు. రక్తహీనత తగ్గించాలని ప్రభుత్వం డబ్బు పెట్టి కలిపిస్తే, మన ఇళ్లలో పిల్లలు వాటినే ఏరి చెత్తబుట్టలో వేస్తున్నారు. మాటలతో ఒప్పించే శ్రమ పడకండి. ఏరిన గింజలన్నీ ఒక చిన్న గిన్నెలో వేసి, నీళ్లు పోసి, వాడి చేతే స్టవ్ మీద పెట్టించండి. ప్లాస్టిక్ ఉడకదు. ఇవి మెత్తబడి, వేళ్ల మధ్య నలిపితే ముద్దవుతాయి. ఆ ముద్ద వాడే చూడాలి. తలసీమియా లాంటి రక్తపు జబ్బులున్నవాళ్లు మాత్రం ఐరన్ విషయంలో తమ డాక్టర్ని అడిగి తినాలి.

నాకు కోపం వచ్చేది ఎక్కడంటే, ఈ వీడియోలు భయపడనక్కర్లేని అరటిపండుకు భయపెడతాయి గానీ నిజంగా జాగ్రత్త పడాల్సిన మామూలు సంగతులు చెప్పవు. నాలుగు చెబుతాను, ఇవి మీ కోసం.

ఆనపకాయ జ్యూస్ ఆరోగ్యమని పొద్దున్నే పరగడుపున తాగేవాళ్లు బీచ్ రోడ్డు నడకల్లో బోలెడుమంది కనిపిస్తారు. జ్యూస్ తీసే ముందు చిన్న ముక్క కొరికి చూడాలి. చేదుగా ఉంటే ఉమ్మేసి కాయ పారేయాలి. ఆ చేదు కుకర్బిటసిన్ అనే విషానిది. చేదు ఆనపకాయ రసం తాగి రక్తపు వాంతులతో ఆసుపత్రి పాలైనవాళ్లు, చనిపోయినవాళ్లు కూడా మన దేశంలో ఉన్నారు. దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ దీని మీద ప్రత్యేకంగా ఒక కమిటీనే వేసింది. ‘చేదైతే మంచిదే, షుగర్ తగ్గుతుంది’ అనుకుని కళ్లు మూసుకుని మింగేవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు.

తేనె. మన్యం తేనె మన ఊళ్లో సులువుగా దొరుకుతుంది. 1956లో మొదలైన గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉంది. తేనెలో నీరు తక్కువ, పులుపు ఎక్కువ కాబట్టి మూత గట్టిగా పెడితే ఏళ్ల తరబడి చెడదు. కానీ అందులో బొటులిజం అనే, కండరాలు చచ్చుబడే జబ్బు తెచ్చే సూక్ష్మజీవి విత్తనాలు నిద్రపోతూ ఉండవచ్చు. పెద్దవాళ్ల పేగు వాటిని లెక్కచేయదు. ఏడాది నిండని పసిబిడ్డ పేగులో మాత్రం అవి మేలుకుని విషం పుట్టిస్తాయి. పుట్టగానే తేనె నాకించే ఆచారం మీ చుట్టాల్లో ఉంటే, బిడ్డ మొదటి పుట్టినరోజు దాకా ఆగమని చెప్పండి.

సీతాఫలం గింజలు పొడి చేసి పేలకు తలకు పట్టించే అలవాటు మనవైపు ఇంకా ఉంది. పేలు చస్తాయి, నిజమే. ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర దెబ్బతింటుంది. కళ్లు ఎర్రబడి, నీరు కారుతూ, చూపు మసకబారి డాక్టర్ల దగ్గరకు పరుగెత్తినవాళ్లున్నారు. దాని జోలికి పోవద్దు.

నాలుగోది నా ఒంటి మీద అనుభవమే. పదేళ్ల కిందట ఒక విందులో కానగంతల పులుసు తిన్నాను. అరగంటలో మొహం ఎర్రగా కంది, ఒళ్లంతా దద్దుర్లు, గుండె దడ. నాకు చేపలు పడవని తీర్మానించేసుకుని ఏడాది ముట్టలేదు. తర్వాత ఒక డాక్టరుగారు చెప్పారు, పడనిది చేప కాదు, దాన్ని ఐసు లేకుండా ఉంచిన తీరు అని. కానగంతలు, కవళ్లు, ట్యూనా లాంటి చేపలు ఎండలో నిలవుంటే వాటిలో దద్దుర్లు తెచ్చే హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. పులుసు ఎంత మరిగించినా అది పోదు. వాసన చూసి కనిపెట్టడమూ కష్టం. అందుకే హార్బర్లో పొద్దున్నే కొన్నా ఐసు మీద ఉన్నదే కొంటాను, ఇంటికొచ్చాక ముచ్చట్లు మాని ముందు ఫ్రిజ్ తలుపు తీస్తాను. ఇప్పుడు కానగంతలు హాయిగా తింటున్నాను.

మరో చిన్నమాట, అనకాపల్లి బెల్లం కొనేటప్పుడు నిగనిగలాడే లేత పసుపు అచ్చు కోసం వెతకకండి. ఆ మెరుపు చాలాసార్లు హైడ్రోస్ అనే మందు వేస్తే వచ్చేది. ముదురు రంగుదే తీసుకోండి. అలాగే మీ ఇంగువ డబ్బా వెనక ఏముందో మీవాడి చేత చదివించండి. ఇంగువ డబ్బాలో ఎక్కువ భాగం మైదానో, గోధుమపిండో, జిగురో ఉంటుంది. వాడికి ఒక కొత్త వింత దొరికినట్టూ ఉంటుంది, దుకాణంలో లేబుల్ చదివే అలవాటూ అవుతుంది.

ఇక అసలు గొడవ. వాడు నానమ్మకు సారీ చెప్పాలి. నిజం చెప్పినందుకు కాదు, ఉపవాసం ఉన్న మనిషి నోటి దగ్గర గ్లాసు పెట్టుకున్నప్పుడు చెప్పినందుకు. ఈ తేడా వాడికి స్పష్టంగా చెప్పండి. లేకపోతే ఇంట్లో నిజం మాట్లాడితే తిడతారని అనుకుంటాడు, అది ఇంకా నష్టం. కంచాల ముందు ఈ కబుర్లు వద్దు, చేతులు కడుక్కున్నాక ఎన్నయినా చెప్పుకోవచ్చు అని ఒక పద్ధతి పెట్టండి. మీ ఆయనకు కూడా నవ్వడం మాని ఆ పద్ధతికి కాపలా కాసే పని అప్పగించండి.

సారీ చెప్పాక ఆవిడను జీడిపిక్కల గురించి అడగమనండి. పలాస వైపు పెరిగినవారు కదా, చిన్నప్పుడు పచ్చి జీడిపిక్కలు మంటలో కాల్చుకుని తిని మూతి పొక్కించుకోకుండా పెరిగి ఉండరు. పండు కింద వేలాడే ఆ పిక్క తొక్కలో చర్మాన్ని కాల్చే నూనె ఉంటుంది. మా అక్క ఒకసారి పూర్తిగా కాలని పిక్క పళ్లతో కొరికి, రెండు వారాలు పెదవులకు వెన్న రాసుకుని తిరిగింది. శాస్త్రం ప్రకారం జీడిపప్పు, మామిడి ఒకే కుటుంబం. ఒకప్పుడు చాకలివాళ్లు బట్టల మీద గుర్తులు పెట్టిన నల్లజీడీ ఆ కుటుంబందే. వృక్షశాస్త్రం ఒక్క ముక్క చదవని మనవాళ్లు ఆ రెండు చుట్టాల పేర్లూ కలిపి జీడిమామిడి అని పేరు పెట్టేశారు. జీడికీ మామిడికీ సొన తగిలితే చర్మం పొక్కడం చూసి పెట్టారో, ఆకు చూసి పెట్టారో గానీ గురి తప్పలేదు. ఇలాంటివి ఫోన్లో దొరకవు, ఆవిడ దగ్గర ఇంకెన్ని ఉన్నాయో అడిగితేనే తెలుస్తుంది.

వచ్చే ఏకాదశికి పాయసం వాడి చేత చేయించండి. సగ్గుబియ్యం నానబెట్టి, పూస మధ్యలో తెల్లచుక్క మాయమయ్యేదాకా ఉడకనివ్వాలి. ఎప్పుడు దించాలో నానమ్మను అడిగి దించమనండి. నేతిలో జీడిపప్పు వేయించి పైన నాలుగు ఎక్కువే వేయండి. ఆ జీడిమామిడి కూడా బ్రెజిల్ నుంచి పోర్చుగీసువాళ్లు తెచ్చిందే. ఆ సంగతి మాత్రం ఆవిడ గ్లాసు ఖాళీ చేశాక చెప్పమనండి.